జీవాల పిల్లల విషయంలో వినకూడని సలహాలు

అత్తాపూర్‌లో ఇంటి వెనక రేకుల కింద జీవాలను సాకేవాళ్లు ఇంకా ఉన్నారు. జియాగూడ మండి కూడా దగ్గరే. గొర్రెగానీ మేకగానీ ఈనితే చాలు, తలా ఒక సలహా చెబుతారు. ప్రేమగా చెప్పేవే, కానీ వాటిలో కొన్ని పిల్ల ప్రాణానికే ముప్పు. వీటిని మాత్రం వినకండి.

1. "మాయ పడేదాకా పాలు తాగనివ్వొద్దు."
రోగాన్ని తట్టుకునే శక్తి పిల్లకు తల్లి కడుపులో అందదు, ముర్రుపాలతోనే అందాలి. దాన్ని పీల్చుకునే గుణం పిల్ల పేగుకు ఒక్కరోజే ఉంటుంది, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది. మొదటి గంటలోనే తాగించండి. 2.5 కిలోల పిల్లకు మొదటిరోజు మొత్తం మీద కనీసం పావు లీటరు పడాలి. పిల్ల చీకితే మాయ కూడా తేలిగ్గా పడుతుంది.

2. "చంటిపాపలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి సీసా పట్టు."
అలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పిల్లను నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, తల్లి పొదుగు దగ్గర చాచినట్టే మెడ చాచనివ్వండి.

3. "ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం పెట్టు, ఏపుగా పెరుగుతుంది."
అన్నం ఎక్కువైతే పొట్టలో వేగంగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. పిల్ల మేత మాని, కూలబడి చచ్చిపోతుంది. రెండు వారాలు దాటాక లేత గడ్డి, ఎండుమేత కొద్దికొద్దిగా అలవాటు చేయండి. తల్లిపాలు మాత్రం మానిపించకండి.

4. "జబ్బొస్తే చూద్దాం, టీకాలెందుకు?"
చిటుక రోగం అంత గడువివ్వదు. రాత్రి బాగున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. వానలకు ముందే దానికి టీకా వేయించండి. పీపీఆర్ అనే మరో రోగానికి టీకా మూడు నాలుగు నెలల వయసు దాటాక ఒకసారి వేయిస్తే దాదాపు మూడేళ్లు కాపాడుతుంది.

5. "మండి నుంచి తెచ్చినదాన్ని వెంటనే మందలో కలుపు, బెంగ పెట్టుకోదు."
బెంగ తీరుతుందేమో గానీ, అది తెచ్చిన రోగం మందంతా పాకుతుంది. మూడు వారాలు వేరే కట్టేయండి. నీళ్లతొట్టి కూడా వేరే పెట్టండి. తోడు కావాలంటే మండి నుంచే రెండు పిల్లలను కలిపి తెచ్చుకోండి.

పిల్ల పాలు మానినా, పారుకున్నా, పొట్ట ఉబ్బినా ఇరుగుపొరుగును అడుగుతూ కూర్చోకండి. పశువైద్య విశ్వవిద్యాలయం పక్కనే రాజేంద్రనగర్‌లో ఉంది. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల సాయం అందుతుంది. పసిజీవం పూటలోనే నీరసించిపోతుంది కాబట్టి ఆ పూటే కదలండి.