గల్లాపెట్టె చెప్పిన వంశచరిత్ర

నేను భద్రాచలం అడవిలో టేకు చెట్టుగా పెరిగాను. నరికాక నన్ను తెప్పలో కట్టి, పాపికొండల మీదుగా రాజమండ్రికి దించారు. అక్కడ ఒక వడ్రంగి నన్ను గల్లాపెట్టె చేశాడు. నాలుగు అరలు, ఇత్తడి బిళ్ళలు, ఇనప గొళ్ళెం, మూతకి డబ్బులు జారవిడిచే కన్నం పెట్టాడు. తరవాత ఉప్పు బస్తాల పక్కన పడవలో కూర్చుని, వచ్చిన నదినే ఎదురెక్కి దుమ్ముగూడెం చేరాను. నన్ను కొన్న షావుకారు ఇంట నాలుగు తరాలు చూశాను. ఆ ఇంటి కథ చెప్పే హక్కు నాకుంది. కాస్త బాధ్యతా ఉంది.

1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషు వాళ్ళకి ఇచ్చేశాడు. కుడి గట్టు ఆయనదే. వార్ధా వైపు పత్తిని నది మీదుగా సముద్రానికి తేవాలని కాటన్ దొర ఆలోచన. అడ్డొచ్చిన రాతి మెట్టల దగ్గర ఆనకట్టలు, లాకులు కట్టాలి. వాటిలో మొదటిది దుమ్ముగూడెంలో. ఆ పనికొచ్చిన కూలీలకు బియ్యం, ఉప్పు, పొగాకు అమ్ముకుందామని డెల్టా నుంచి మా పెద్ద షావుకారు వచ్చాడు. 1871లో సర్కారు పని ఆపేసింది. కూలీలు వెళ్ళిపోయారు, ఆయన ఉండిపోయాడు.

తేలిగ్గా ఉండిపోలేదు. మన్యం జ్వరం ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయింది. ఆయన భార్య మాత్రం ప్రతి దీపావళికీ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, లక్ష్మీపూజ చేసేది. ‘ఈ అడవి మనల్ని ఏం చేసినా, ఈ పెట్టె మాత్రం ఖాళీ కాకూడదమ్మా’ అని మొక్కుకునేది. ఆమె కడుపుకోత నాకు తెలుసు. ఆ మొక్కు ఎవరి కష్టంతో తీరిందో కూడా తెలుసు.

సంతరోజు తెల్లారేసరికి కోయలు దిగేవాళ్ళు. కావళ్ళలో చింతపండు, కుంకుళ్ళు, కరక్కాయలు, ఇప్పపువ్వు, తేనె, మైనం, తపసి జిగురు. తిరుగు ప్రయాణంలో ఉప్పు, గుడ్డ, పొగాకు, ఎండుచేపలు. అడవిలో అన్నీ దొరుకుతాయి, ఉప్పు దొరకదు. అది సముద్రం నుంచి పడవల్లో రావాలి. ఆ ఒక్క లోటు మీదే మా కొట్టు నిలబడింది. వాళ్ళ సరుకుని మేం తూచేవాళ్ళం, మా ఉప్పుని మేమే కొలిచేవాళ్ళం. ధర చెప్పేదీ మేమే.

నది దాటితే బూర్గంపాడు, నిజాం రాజ్యం. అక్కడ నిజాం రూపాయి హాలీ సిక్కా, ఇక్కడ ఇంగ్లీషు రూపాయి కలదారు. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కలదార్లకు సమానం. అందుకే నాలో రెండు అరలు వేరుగా ఉండేవి. అవతల గట్టున కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. రెండు రాజ్యాల లెక్కలూ తెలిసిన షావుకారు మారకంలోనే కొంత మిగుల్చుకునేవాడు. ఏ రూపాయి ఎంతకు చెల్లుతుందో తెలియని వాడు ఇచ్చింది పుచ్చుకుని అడవిదారి పట్టేవాడు.

మూడో అరలో కాగితాలు. విత్తనాలకు తీసుకున్న గింజలు పంట మీద నాగు, అంటే గింజల వడ్డీ, కలిపి తిరిగి కొలవాలి. పంట పోతే నాగు అసలులో కలిసేది. ‘షావుకారీ, పోయినేడు ఎడ్లను ఇచ్చేశా గదా, ఇంకా ఎంతుంది?’ అని అడిగిన గొంతు నాకింకా గుర్తు. పెద్దాయన పద్దు తిరగేసి ఒక అంకె చెప్పాడు. అడిగినవాడికి చదువు రాదు. వేలిముద్ర వేసి వెళ్ళాడు.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మద్రాసు రాజధానిలోకి వచ్చాయి. పోడు మీద ఆంక్షలు పెరిగాయి, పన్నులు పెరిగాయి. 1879లో రంప పితూరీ లేచి రేకపల్లి దాకా పాకింది. కల్లు మీద పన్ను, కొండ పెత్తందార్లైన ముఠాదార్ల గోడుతో పాటు, మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్నీ గింజల్నీ జప్తు చేయడం కూడా ఆ మంటకు కారణం. ఆ రోజుల్లో నన్ను గోనెల కింద దాచారు. నా మీదికి కోపం ఎందుకొచ్చిందో గోనెల కింద కూడా నాకు తెలుస్తూనే ఉంది.

అదే దుమ్ముగూడెంలో మిషనరీ జాన్ కెయిన్ ఏళ్ళ తరబడి ఉండి కోయల భాష గురించి, ఆచారాల గురించి రాశాడు. ఆయన రాతల్లో వాళ్ళకు మాట ఉంది, నమ్మకం ఉంది, పండగ ఉంది. నా కాగితాల్లో వాళ్ళకు బాకీ ఒక్కటే ఉంది.

1917లో మద్రాసు సర్కారు ఏజెన్సీ చట్టం తెచ్చింది. కొండజాతి వాళ్ళ దగ్గర నూటికి ఏడాదికి 24 రూపాయలకు మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ అసలే కుదరదు. అనుమతి లేకుండా వాళ్ళ భూమి బయటివాళ్ళకు బదిలీ కాదు. రెండో తరం షావుకారు చట్టాన్ని చదివించుకుని విన్నాడు. ఆ తరవాత ఇచ్చింది ఇరవై అయితే నోటు మీద నలభై అని రాయించాడు. వడ్డీ చట్టం ప్రకారమే ఉండేది. నా నాలుగో అర నిండింది అప్పుడే.

1940లలో నది అవతల పాల్వంచ అడవుల్లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కొండరెడ్ల మధ్య తిరిగాడు. వెదురు, కలప వర్తకుల అప్పుల్లో వాళ్ళు ఎలా చిక్కుకున్నారో రాసి నిజాం సర్కారు ముందు పెట్టాడు. రాజ్యాలు వేరైనా రెండు గట్ల మీదా బాకీ ఒక్క తీరుగానే పెరిగింది.

తరవాతి మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నిజాం రాజ్యం పోయింది, నాకా పోయింది, హాలీ సిక్కా చెల్లకుండా పోయింది. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది, అడవి సరుకు కొనడానికి ఇంకో కాటా వచ్చింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి మారింది. 1965లో అక్కడ గోదావరి మీద వంతెన వచ్చాక సరుకు లారీలెక్కింది. 1970లో వచ్చిన 1/70 చట్టంతో ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే అది ఎలా వచ్చిందో నిరూపించుకోవాల్సింది అతనే అయింది. మరుసటేడు తునికాకు వ్యాపారం సర్కారు చేతికి వెళ్ళింది. నాలుగో తరం ఆయన కొట్టు మూసి, ఒక చెక్క భూమి అసలు రైతు పిల్లలకు వదిలేశాడు. మిగతాది అంతకుముందే చేతులు మారిపోయింది.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచింది. నన్ను అటకెక్కించారు కాబట్టి కాగితాలు బతికాయి.

ఇప్పుడు ఆ నాలుగో తరం ఆయన కూతురు వంశచరిత్ర రాస్తోంది. మొన్న నా నాలుగో అర తెరిచి ‘నాన్నగారూ, ఈ ముద్రలు ఎవరివి?’ అని అడిగింది. ఆయన చాలాసేపు చూసి, ‘మనల్ని పోషించిన వాళ్ళవమ్మా’ అన్నాడు.

ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ప్రతి నోటు మీదా ముద్ర పక్కన పేరుంది, ఊరుంది. వాటిలో కూనవరం, వేలేరుపాడు వైపు ఊళ్ళు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, పోలవరం ముంపు కింద ఖాళీ అవుతున్నాయి. ఊరు చెదిరాక ఎవరు ఎవరి మనవడో చెప్పేవాళ్ళు దొరకడం కష్టం. అందుకే ముందు ఆ ఊళ్ళకు వెళ్ళి, ఆ పేర్ల వాళ్ళ వారసుల్ని వెతికి, కాగితాలు చూపించి, వాళ్ళ ఇళ్ళలో ఆ అప్పు గురించి ఏం చెప్పుకున్నారో అడిగి రాస్తానంది. షావుకారు పేరుతో మొదలయ్యే పుస్తకంలో వాళ్ళ పేర్లు కూడా వరసగా ఉంటాయి.

అలా రాసిందే ఈ ఇంటి నిజమైన చరిత్ర అని నేను సాక్ష్యం చెబుతాను. షావుకారు సంపద ఆయన తెలివి ఒక్కదానితో పుట్టలేదు. మోసుకొచ్చిన కావళ్ళు, వదులుకున్న ఎడ్లు, చదవలేని కాగితం మీద పెట్టిన బొటనవేళ్ళు కలిసి ఈ ఇంటిని కట్టాయి. ఆ లెక్క తేలే దాకా ఈ వంశవృక్షం సగమే.