గుడారాల రాజధానిలో పెదనాన్న

మా పెదనాన్నకు ఎనభై దాటాయి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, వినికిడి ఆయన ఇష్టాన్ని బట్టి ఉంటుంది. కర్నూలు రాజధాని అన్న విషయంలో మాత్రం పట్టు సడలలేదు. 1956 నవంబరు 1న ప్రభుత్వం మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చేసిందని ఆయనకు తెలుసు. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే మద్రాసు నుంచి ఫైళ్లతోనూ, ఎనిమిదేళ్ల ఈయనతోనూ కర్నూల్లో దిగిన గుమాస్తా మా తాతయ్య.

‘‘చచ్చేలోగా ఒకసారి రాజధాని చూపించరా’’ అన్నాడు.

‘‘మనం ఉన్నది హైదరాబాదే కదా పెదనాన్నా?’’ అన్నాను.

ఆ తర్వాత ఆయన చూసిన చూపుకి మర్నాడే బస్సెక్కాం. తుంగభద్ర వంతెన దాటుతుంటే గవర్నరుగారు ఎదురొస్తున్నట్టు చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు.

‘‘యాడికి పోవల్ల సార్?’’ అన్నాడు ఆటో అబ్బాయి.

‘‘సెక్రటేరియట్‌కి.’’

ఆటో అబ్బాయి నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

‘‘అట్లాంటిది ఈడ లేదే పెద్దాయనా. కలెక్టరాఫీసయితే ఉండాది.’’

పాపం, ఆ అబ్బాయిని అని లాభం లేదు. హంపీకి రాళ్లు మిగిలాయి, ఓరుగల్లుకు తోరణాలు మిగిలాయి. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు, ఒకటి కోస్తాకు అని 1937లో శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నారు కనక గుంటూరుకు హైకోర్టు, కర్నూలుకు రాజధాని వచ్చాయి. వచ్చిన రాజధానికి చాలినన్ని గదులు లేవు. గుడారాలు వేశారు. గుడారాలకు శిథిలాలు ఎక్కడి నుంచి వస్తాయి?

పెదనాన్నకు అవేవీ అక్కర్లేదు. ఆటో ఆపించి, ఒక పంక్చరు షాపు ముందు నిలబడి, చేతికర్రతో గీత గీశాడు. ‘‘ఇదిగో, ఇక్కణ్నుంచి అక్కడిదాకా తాతయ్య గుడారం. గవర్నమెంటు స్థలం.’’

షాపాయన ట్యూబు బకెట్లో వదిలేసి లేచాడు. ‘‘ఎవురు సార్ మీరు? ఇది మా నాయన కొన్న జాగా. కాయితాలుండాయి.’’ చెబుతూనే లోపలికెళ్లి పాలిథిన్ కవరు తెచ్చాడు. నేను నచ్చజెప్పేలోగా పెదనాన్న కళ్లజోడు తగిలించుకున్నాడు. గుమాస్తా రక్తం కదా, దస్తావేజు మొదటి పేజీ నుంచి ముద్రలతో సహా చదివి, ‘‘అంతా సక్రమమే, ఉండండి’’ అని అనుమతిచ్చాడు. షాపాయన ఊపిరి పీల్చుకుని మాకు టీ చెప్పాడు.

టీ తాగుతూ పెదనాన్న అసలు సంగతి చెప్పాడు. గాలి లేస్తే గుడారాల్లో కాగితాలు ఎగిరిపోయేవట. తాతయ్య ఫైలు మీద నాపరాయి ముక్క పెట్టేవారట. ‘‘ఇప్పుడు ఫైలు కదలాలంటే బరువు పెట్టాలి. అప్పుడు కదలకుండా ఉండటానికి పెట్టేవాళ్లం’’ అన్నాడు. ప్రకాశంగారి ప్రభుత్వాన్ని ఆపే రాయి మాత్రం దొరకలేదు. మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ఒక్క ఓటుతో పడిపోయింది.

కొండారెడ్డి బురుజు దగ్గర కుర్రాళ్లు ఫోటోలు దిగుతున్నారు. ‘‘ఇది విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాటి కోట బురుజు బాబూ’’ అని పెదనాన్న మొదలుపెట్టాడు. ‘‘తెల్సు తాతా, ‘ఒక్కడు’లో మహేష్‌బాబు కొట్టింది ఈడనే’’ అన్నాడొకడు. అచ్యుతదేవరాయలు అంతటితో ఆగిపోయాడు. ఉగ్గాని బజ్జీ తిన్నాక గానీ పెదనాన్న తేరుకోలేదు. మిరపకాయ ఘాటుకి వచ్చిన కన్నీళ్లను చరిత్ర ఖాతాలో రాసుకున్నాడు.

రాజధాని నాటి ఉద్యోగుల పేటలు ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు ఇంకా ఆ పేర్లతోనే ఉన్నాయి. వాటిని చూశాక ఆయన మొహం వెలిగింది. ‘‘చూశావా, క్యాంపు ఎత్తలేదు!’’

‘‘మొన్న మూడు రాజధానులన్నప్పుడు మాకూ ఒకటన్నారు గద సార్,’’ అన్నాడు ఆటో అబ్బాయి. ‘‘రాజధాని రాలే. మా ఓనరు అద్దె మాత్రం పెంచినాడు.’’ 2021లో ఆ మూడు రాజధానుల చట్టం రద్దయింది. పెంచిన అద్దె రద్దు కాలేదట.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దాయన ఉంటే తప్పకుండా కర్నూలు తీసుకెళ్లండి. ఎండాకాలం మాత్రం వద్దు. చేతికర్ర మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరి షాపు ముందూ గీత గీయనివ్వకండి.