సూటు తీసే మామ

మా చిన్నమామది మర్రిగూడ. బత్తాయి తోట, పత్తి చేను, సన్‌రైజర్స్ టీము: ఈ మూడింటి మీదా ఆయన ఏటేటా ఆశలు పెట్టుకుంటాడు. 2016లో కప్పొచ్చిన ఏడు గురించి అడిగితే గంట చెబుతాడు. తర్వాతి కథ అడిగితే 2018 ఫైనల్ దగ్గర ఒకసారి, 2024 ఫైనల్ దగ్గర ఒకసారి ఆగి తువ్వాలతో ముఖం తుడుచుకుంటాడు. ఉప్పల్ స్టేడియం బయట కొన్న నారింజరంగు టీషర్టుతోనే తోటకు మందు కొడతాడు. దాని మీది గద్దకు ముక్కు ఎప్పుడో ఊడిపోయింది.

టీములో ఉన్నవాళ్లను ఎవరైనా తిడతారు. వెళ్లిపోయినవాళ్లకు లెక్క కట్టడంలోనే మామ పనితనమంతా. బస్టాండు దగ్గర హోటల్లో ఎవరో వార్నర్ పేరెత్తుతారు, అందరూ తలలు దించుకుంటారు. రషీద్ ఖాన్ అంటారు, నిట్టూరుస్తారు. అక్కడ పేచీ లేదు. విజయ్ శంకర్ అన్నారంటే మాత్రం ఇంకోసారి చాయ్ చెప్పాల్సిందే.

బత్తాయి రైతుకు సూటు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: టన్ను కాయ తూకం వేశాక, దెబ్బ తగిలిందనీ తరుగు పోతుందనీ ఇన్ని కిలోలు తీసేసి, మిగిలినదానికే దళారి పైసలిస్తాడు. ఆ తీసేసిందే సూటు. దళారి ముందు నోరెత్తని మామ ఆ కసంతా ఆటగాళ్ల మీద తీర్చుకుంటాడు.

2020 అక్టోబరు 22, దుబాయ్. రాజస్థాన్ 154 కొట్టింది. వార్నర్, బెయిర్‌స్టో ఇద్దరూ ఆర్చర్‌కు దొరికిపోయారు. ఆ తర్వాత మనీష్ పాండే 83, విజయ్ శంకర్ 52, ఇద్దరూ నాటౌట్, ఎనిమిది వికెట్ల గెలుపు.

"ఎన్ని బంతులకు 52?" అంటాడు మామ.

"51."

"గదే మరి. అవతల పాండే దంచుతుంటే ఈయన ఊకె నిలవడ్డడు. ఇరవై తీసెయ్."

2019 ప్రపంచకప్పులో పాకిస్తాన్ మీద భువనేశ్వర్ కాలు పట్టేసి ఓవరు మధ్యలో వెళ్లిపోతే, విజయ్ శంకర్ బంతి అందుకుని, ప్రపంచకప్పులో తాను వేసిన మొట్టమొదటి బంతికే ఇమాముల్ హక్‌ను ఎల్బీ చేశాడు. "ఓవరు మన భువీది. వికెట్ల సగం ఆయనదే." అదే ఏడు నాగపూర్‌లో ఆఖరి ఓవరు, ఆస్ట్రేలియాకు 11 కావాలి, స్టోయినిస్‌నూ జంపానూ పడగొట్టి గెలిపించాడు కదా అంటే, సూటుకు సందు దొరకదు. "గది నీలం అంగీల ఆడిండు. మన అంగీల ఎందుకు ఆడలే?" అంటాడు.

ఆ ప్రపంచకప్పుకు ఎంపిక చేసినప్పుడే చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్, ఇతనిలో బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు అని మూడు డైమెన్షన్లున్నాయన్నాడు. చోటు దక్కని అంబటి రాయుడు, ప్రపంచకప్పు చూడటానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకుంటున్నానని ట్వీటు పెట్టాడు. ఇద్దరు తెలుగువాళ్ల నడుమ తమిళనాడు పిల్లవాడు నలిగిపోయాడు. అప్పట్నుంచీ మామకు అతను 'త్రీడీ'యే.

ఆ మాట మామ నోట వింటే నాకు నవ్వాగదు. మామ తోట చేస్తాడు, పాలసీలు కట్టిస్తాడు, సాగర్ రోడ్డు మీద ప్లాట్లు చూపిస్తాడు. నాకూ ఒకటి ఇప్పించాడు. ప్లాటుంది; దానికి పోయే బాట రావాల్సి ఉంది. పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గర నిలబడి ఆయన చేసే అజమాయిషీ చూస్తే ఎమ్మెస్కే ఇంకో డైమెన్షను కలిపేవాడు. అన్నీ వచ్చు మామకు. ఏ రోజు ఏది వస్తుందో మా అత్తకు కూడా తెలియదు.

విజయ్ శంకర్‌ను తెచ్చిన బేరం ఎత్తితే కొంచెం మెత్తబడతాడు. 2019 సీజన్‌కు ముందు ధావన్‌ను ఢిల్లీకిచ్చి ముగ్గుర్ని తెచ్చుకున్నారు: విజయ్ శంకర్, షాబాజ్ నదీం, పద్దెనిమిదేళ్ల అభిషేక్ శర్మ. అందరి కళ్లూ విజయ్ శంకర్ మీదే, అభిషేక్ కొసరు. ఆ కొసరే 2025 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టింది. "అసలు కంటె కొసరు ముద్దని ఊకె అన్నరా అల్లుడా" అంటూ, బేరం తానే దగ్గరుండి కుదిర్చినట్టు మీసం దువ్వుతాడు. అయితే అభిషేక్ రావడం విజయ్ శంకర్ పుణ్యమే కదా అన్నామో, మోటరు బంద్ చేసొస్తానని లేస్తాడు.

టీము మారాడన్న కోపం మాత్రం మామకు లేదు. మర్రిగూడ ఉన్నది మునుగోడు నియోజకవర్గంలో. 2022 ఉపఎన్నికప్పుడు కండువాలు మారడం కళ్లారా చూసినవాళ్లకు జెర్సీ ఒక లెక్కా?

2025 ఏప్రిల్ 5న చెన్నైలో ఢిల్లీ మీద 184 కొట్టాలి. అప్పటికి చెన్నైకి ఆడుతున్న విజయ్ శంకర్ 54 బంతుల్లో 69 చేసి నాటౌట్‌గా మిగిలాడు. టీము 25 పరుగులతో ఓడింది. మర్నాడు హోటల్లో ధోనీ భక్తుడైన ఒక పిల్లవాడు, దండుగ మనిషిని తెచ్చి మా కొంప ముంచారన్నాడు. ఇక మామ సూటు పుస్తకం తెరుస్తాడని నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ధోనీ ఎన్ని బంతులాడిండు?"

"26."

"కొట్టిందెంత?"

"30."

"ఆయనకేమో దండం, ఈయనేమో దండుగనా? దుబాయ్‌ల రాజస్థాన్ మీద మాకు మ్యాచ్ గెలిపిచ్చిండు. 52 నాటౌట్. ఎరుకేనా నీకు?"

"ఇరవై తీసెయ్యాలె గద మామ" అన్నాను మెల్లగా.

"నువ్వు ఊకో అల్లుడా. మనోణ్ణి మనం అనుకుంటం. మధ్యల గీ చెన్నైవోడెవడు అనెతందుకు?"

ఆ చెన్నైవాడిది పక్కనున్న తిరగండ్లపల్లి. పోయినేడు మామ దగ్గరే పాలసీ కట్టాడు.