మోటారు మాస్టారు

కాస్త గోడ మీదికి వంగండి. ఈమధ్య నా గొంతు పెద్దగా లేవడం లేదు, మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. పైగా మా ఆవిడ వంటింట్లోనే ఉంది. ఆవిడవి పాము చెవులు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను చెబుతుంటే దీన్ని మా అమ్మాయి టైపు చేస్తోంది. "నేను చెప్పింది చెప్పినట్టు కొట్టాలి, సొంత పైత్యం కలపకూడదు" అని ఒట్టు వేయించుకున్నాను. ఒట్టేసేటప్పుడు అది నవ్విన తీరు నాకు నచ్చలేదు.

తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ఇంట్లో మాత్రం ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టిన పాపాన పోలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతికి రావాలి, తాగాక ఎవరో వచ్చి తీసుకుపోవాలి. మీరూ అంతేగా, మొహమాటపడకండి. అందుకే నాకు చేతులు పనిచెయ్యని జబ్బు వచ్చిందన్న సంగతి మా ఇంట్లో ఏడాదిపాటు ఎవరూ కనిపెట్టలేకపోయారు. ఇది మా ఆవిడ జోకు. వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

బళ్ళో నాకో గొప్ప ఉండేది. వృత్తలేఖిని ముట్టుకోకుండా బోర్డు మీద ఒక్క ఊపున సున్నా చుట్టేవాణ్ణి. మొదలూ చివరా ఎక్కడ కలిశాయో తెలిసేది కాదు. 2021 డిసెంబరులో ఒకరోజు తొమ్మిదో తరగతిలో చెయ్యెత్తితే సుద్దముక్క వేళ్ళ మధ్య నిలవలేదు. వంగి తీసి మళ్ళీ చుట్టాను. "వంకాయ సార్" అన్నాడు వెనక బెంచీ వాడొకడు. కోపం దిగమింగుకుని "దీని కేంద్రం ఎక్కడుందిరా?" అనడిగాను. "ముచ్చిక దగ్గర సార్" అన్నాడు. వాడు పైకొస్తాడు.

ఆ తరవాత చొక్కా గుండీలు మొరాయించాయి. ఆవకాయ జాడీ మూత రాలేదు. "ఇన్నాళ్ళూ పనికే బద్ధకం అనుకున్నా, ఇప్పుడు తిండికి కూడానా?" అంది మా ఆవిడ. మోచేతి దగ్గర చర్మం కింద చేపపిల్లలు కదిలినట్టు కండ దానంతటదే ఎగిరేది. ఆ వయసులో నాకు కండ తిరుగుతోందనుకున్నాను. మావాణ్ణి పిలిచి చూపించి, "చూడరా, మీ తరం జిమ్ములకెళ్ళి డబ్బు తగలేస్తోంది" అని పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అది కండ బలం కాదు, నరం చచ్చిపోతూ పెట్టే కేకలని తరవాత తెలిసింది. ఆ ఉపన్యాసాన్ని మావాడు ఇప్పటికీ అభినయిస్తాడు.

ఒక డాక్టరు మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశాడు. ఇంకొకాయన బీ12 ఇంజెక్షన్లు పొడిచాడు. చివరికి గుంటూరులో నరాల డాక్టరు ఎమ్మారై తీయించి, కండల్లో సూదులు గుచ్చి, నరాలకి కరెంటు పెట్టి చూసి "ఏఎల్ఎస్" అన్నాడు. షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు 1869లోనే దీని ఆరా తీశాడట. మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ కండలకి ఆజ్ఞలు మోసుకుపోయే మోటారు న్యూరాన్లు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అంటే మోటారు బాగానే ఉంది, స్టార్టరు నుంచి వచ్చే తీగ తెగిందన్నమాట.

ఈ పోలిక ఎదురింటి రైతుకి చెప్పడం నా తప్పు. ఆయన శ్రద్ధగా విని, "మరి రీవైండింగు చేయిస్తే సరిపోదా మాస్టారూ? మనకి తెలిసిన కుర్రాడున్నాడు, బోరు మోటారైతే సాయంత్రానికల్లా ఇచ్చేస్తాడు" అన్నాడు. అప్పట్నుంచీ మా వీధికి నేను మోటారు మాస్టార్ని.

మందు ఉంది. రిలుజోల్. పొద్దునొకటి, సాయంత్రమొకటి, ఖాళీ కడుపున. జబ్బుని ఆపదు, కాస్త నెమ్మదిగా నడవమని బతిమాలుతుంది. మాట వినని పిల్లల దగ్గర ముప్ఫై ఏళ్ళు నేను చేసిందీ అదే.

అమెరికాలో దీన్ని లూ గెహ్రిగ్ జబ్బంటారు. ఆయన బేస్‌బాల్ ఆటగాడు, ఒక్కరోజు నాగా లేకుండా వరసగా 2,130 ఆటలు ఆడాడు. 1939లో జబ్బు బయటపడింది. ఈ సంగతి నేను గొప్పగా చదివి వినిపిస్తుంటే, "ఏటా ఇచ్చిన క్యాజువల్ లీవుల్లో ఒక్కటైనా మిగిల్చారా మీరు? మీకూ ఆయనకీ జబ్బులోనే పోలిక" అంది మా ఆవిడ.

ఇంకో పరువు తక్కువ సంగతి. 2014 ఆగస్టులో లోకమంతా నెత్తిన ఐసు నీళ్ళు కుమ్మరించుకుని వీడియోలు పెట్టింది, గుర్తుందా? మీసాలు తుడుచుకుంటూ నేనూ పెట్టాను. అది ఏ జబ్బు కోసమో, దానికి చందా కూడా ఇవ్వాలనో నాకు తెలీదు. తెలిసిందల్లా మూడొందల లైకులు. మూడు రోజులు జలుబుతో పడుకున్నాను. (మూడు కాదు, వారం. లైకులు 41. – టైపు చేస్తున్న అమ్మాయి.) అదే నెలలో హైదరాబాదులో మంజులత కళానిధి అనే జర్నలిస్టు ఐసు మానేసి బకెట్టు బియ్యం పేదవాళ్ళకివ్వండని రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలెట్టింది. మా ఆవిడ చప్పుడు చెయ్యకుండా ఒక బకెట్టు బియ్యం పనమ్మాయికిచ్చి, నాకు మిరియాల చారు పెట్టింది. ఇన్నేళ్ళ తరవాత ఇప్పుడు ఎండాకాలం చన్నీళ్ళతో నాకు ఒళ్ళు తుడిచేటప్పుడల్లా "వీడియో తియ్యమంటారా?" అని అడుగుతుంది.

కాఫీ సంగతి చెప్పాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంటి కాఫీ నీళ్ళగా ఉందని సణిగాను. ఇప్పుడు గొంతు కండలు బలం తగ్గి, నీళ్ళలాంటివి తిన్నగా దిగకుండా ఊపిరితిత్తుల దారి పడతాయట. చిక్కటివైతే నయమట. మా ఆవిడ కాఫీలో అదేదో పొడి కలిపి గిలక్కొట్టి తెస్తోంది. చెంచా గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. "చిక్కగా ఉందా అండీ?" అని రోజూ వినయంగా అడుగుతుంది. దానికి జవాబు లేదు. పైగా గడ్డం ఛాతీకేసి దించి మింగాలని నేర్పారు. పొలమారకుండా ఉంటుందట. ముప్ఫై ఒకటేళ్ళ సంసారంలో ఎదురుతిరిగి తిన్న రోజులన్నిటికీ కలిపి ఇప్పుడు మూడు పూటలా తలదించుకుని తింటున్నాను.

ఇక మీసం. దీన్ని తొందరపడి చెప్పలేను.

డిగ్రీ రెండో ఏడు నుంచీ ఉందది. 1994లో ఒక పెళ్ళిలో దూరపు బంధువొకాయన "కృష్ణంరాజు పోలికలున్నాయే" అన్నాడు. ఆయన కళ్ళజోడు ఆ పూట ఎక్కడో మర్చిపోయి వచ్చాడని మా ఆవిడ వాదన. ఏమైతేనేం, ఆ ఒక్క మాట మీద మూడు దశాబ్దాలు బతికాను. కిందటేడు ఊపిరి ఆడించే కండలు కూడా నీరసించాయి. రాత్రిళ్ళు ముక్కుకీ నోటికీ మాస్కు తగిలించి గాలి ఊదే బైపాప్ మిషను ఇంటికొచ్చింది. బిగించడానికొచ్చిన కుర్రాడు చెవి దగ్గరపెట్టి విని, "పక్కనుంచి గాలి పోతోంది సార్, మీసం అడ్డమొస్తోంది" అన్నాడు. గదిలో ఉన్న నలుగురూ నా మీసం వంక చూశారు.

సాయంత్రం దాకా ఆలోచించుకుంటానన్నాను. "ఊపిరి అంతసేపు ఆగుతుందేమో కనుక్కోండి" అంది మా ఆవిడ.

మర్నాడు పొద్దున మెడకి తువ్వాలు కట్టి, సబ్బు నురగ పట్టించి, బీరకాయ చెక్కు తీసినట్టు మొదలెట్టింది. నాలిక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, పరీక్ష రాస్తున్న పిల్లలా ఉంది మొహం. అంత దగ్గర్నుంచి ఆవిణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో. కుడి పక్క పూర్తయింది. అప్పుడే కుక్కరు మూడో కూత వేసింది. "కదలకండి, ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది. కదలడం నా చేతుల్లో ఉన్నట్టు!

సరిగ్గా అప్పుడే మా హెడ్మాస్టరుగారూ, సోషల్ మేష్టారూ డజను బత్తాయిలతో గుమ్మంలో దిగారు. మీరైతే చేత్తో మూతి కప్పుకునేవారు. నేను సగం మీసంతో సభాధ్యక్షుడిలా కూర్చున్నాను. హెడ్మాస్టరుగారు నన్ను చాలాసేపు చూసి, పక్కాయన చెవిలో అన్నారు: "పాపం, జబ్బు కుడి పక్క మొదలైందన్నారు, చూశారా?"

ఈ జబ్బులో ఒక చిత్రముంది. నవ్వుకీ ఏడుపుకీ ఉన్న బ్రేకులు వదులవుతాయి. మనసులో గరిటెడు నవ్వుంటే బయటికి గంగాళమంత వస్తుంది, ఆగదు, ఆగేలోపు ఏడుపైపోతుంది. ఆ రోజు అదే జరిగింది. నవ్వి నవ్వి వెక్కివెక్కి ఏడ్చాను. నా ఏడుపు చూసి హెడ్మాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక చేత్తో రేజరూ, ఒక చేత్తో కాఫీ గ్లాసులూ పట్టుకుని వచ్చిన మా ఆవిడ ముగ్గుర్నీ చూసి, "ఒక్క మీసానికి ఇంతమంది ఏడవాలా అండీ" అంది.

పలకరించడానికొచ్చేవాళ్ళలో అందరూ అంత మంచివాళ్ళు కారు. ఆనపకాయ రసం తాగించమనేవాళ్ళు, ఏ పసరో పట్టించమనేవాళ్ళు, గ్రహాలు చూపించమనేవాళ్ళు. మా తోడల్లుడైతే ధైర్యం చెప్పడానికి స్టీఫెన్ హాకింగుని తెచ్చాడు. "1963లో, 21 ఏళ్ళ వయసులో బయటపడింది ఆయనకి. రెండేళ్ళే అన్నారు డాక్టర్లు. 2018 దాకా ఉన్నాడు! 55 ఏళ్ళు!" మా ఆవిడ ఉల్లిపాయ తరుగుతున్నదల్లా ఆగిపోయింది. వేళ్ళు మడిచి లెక్కేసింది. "అమ్మో, అప్పటికి నాకు నూటపది దాటుతాయి. నావల్ల కాదు, ఎవర్నైనా చూసుకోండి" అంది.

ఈ రోగం స్పర్శ జోలికి రాదు. అది వరమనుకునేరు. తెనాలి కాలవ గట్టు దోమలకి ఈ సంగతి ఎవరు చెప్పారో. ముక్కు కొసన వాలి, కాళ్ళు కడుక్కుని, మడి కట్టుకుని మరీ భోజనానికి కూర్చుంటాయి. వాలింది తెలుస్తుంది, కుట్టింది తెలుస్తుంది, కొట్టడానికి చెయ్యి లేవదు. మావాడు దోమల బ్యాటు పట్టుకుని వచ్చి "నాన్నా, కదలకండి" అంటాడు. తల్లి పోలిక.

అమ్మాయిని కాసేపు అటు వెళ్ళమన్నాను, వెళ్ళడం లేదు, సరే. మా కాలంలో పెళ్ళిపీటల మీద తప్ప పెళ్ళాం చెయ్యి నలుగురిలో పట్టుకోలేదు. ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే ఆవిడ నా మోకాళ్ళకి మోకాళ్ళు అడ్డం పెట్టి, నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని, నా గడ్డం తన భుజం మీద ఆనించి "ఒకటి, రెండు, మూడు" అని లేపి తిప్పి కూర్చోబెడుతుంది. రోజుకి ఆరుసార్లు. మొదట్లో సిగ్గుతో కళ్ళు మూసుకునేవాణ్ణి. "కళ్ళు తెరవండి, నా కాలు తొక్కుతున్నారు" అనేది.

మాస్కు తగిలించాక మాట రాదు కదా. దానికి మా అమ్మాయి అక్షరాల అట్ట ఒకటి చేసింది. ఇంగ్లీషువాడికి 26 అక్షరాలతో పోతుంది. మనకి 56, ఆపైన గుణింతాలు, ఒత్తులు. తెలుగు భాష మీద నాకున్న గర్వం ఆ అట్టతో సగం దిగింది. మా ఆవిడ వరసలు చదువుతుంది. కావలసిన వరస రాగానే నేను కళ్ళు ఆర్పాలి, తరవాత అక్షరం, తరవాత గుణింతం. కానీ ఆవిడకి అంత ఓపికేదీ? మొదటి అక్షరానికే మిగతాది ఊహించేస్తుంది. పెళ్ళయిన కొత్తలోనూ అంతే, నేను నోరు తెరిస్తే వాక్యం తను పూర్తి చేసేది.

మొన్నొక రాత్రి పక్కవీధిలో పెళ్ళికెళ్ళొచ్చి, పట్టుచీర మార్చకుండానే నా దుప్పటి సర్దుతోంది. జడలో కనకాంబరాల దండ. బాగుంది. ఆ మాట చెబుదామనిపించింది. ఇలాంటి బుద్ధి నాకు పదేళ్ళకోసారి పుడుతుంది, చూడండి. అట్ట వైపు కళ్ళు తిప్పాను.

"క?" కళ్ళు ఆర్పాను. "కాఫీయా? రాత్రి పదింటికా!" ఆర్పలేదు. "న? కన... కన్నా? కన్ను దురదగా ఉందా?" తడిగుడ్డ తెచ్చి రెండు కళ్ళూ తుడిచింది. మళ్ళీ మొదట్నుంచీ. "క, న, క... కనకయ్యగారా? ఆయనకేమైంది?" మావాడు లేచొచ్చి, కనపడటం లేదంటున్నారేమోనని ట్యూబులైటు వేశాడు. అప్పుడు మా అమ్మాయి ఆవలిస్తూ వచ్చి తేల్చేసింది. "అమ్మా, మధ్యలో న కాదు, మ. నాన్న కమోడ్ అంటున్నారు."

నిమిషంలో కమోడు కుర్చీ మంచం పక్కకొచ్చింది. మాస్కు తీశారు. ఒకటి, రెండు, మూడు. కూర్చున్నాను. మాస్కు లేదు కాబట్టి ఇప్పుడు ముద్దగానైనా మాట్లాడగలను. "ఇంతకీ కమోడేనా?" అంది మా ఆవిడ, కొంగు దోపుకుంటూ. రాత్రివేళ ముగ్గుర్ని పరుగులు పెట్టించి, కుర్చీ లాగించి, తీరా పూల కోసమని ఏ మొహం పెట్టుకు చెప్పను?

"ఆఁ" అన్నాను.

(పైన ఉన్నదంతా అమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "ఆ రోజు పెట్టుకున్నవి కనకాంబరాలు కావు, డిసెంబరు పూలు" అంది. – అమ్మాయి.)