కళ్లు మూసుకుని గీసిన గీత

తెలిసినవాళ్లు పక్కనే ఉండి చెబుతుంటే వినకపోవడం నేను చేసిన తెలివితక్కువ పనుల్లో పెద్దది. అది చదువులోనో డబ్బు దగ్గరో జరిగి ఉంటే నలుగురికీ చెప్పుకునేదాన్ని. కంటి చివర గీసుకునే నల్లగీత దగ్గర జరిగింది కాబట్టి సిగ్గుపడి ఇన్నాళ్లూ దాచుకున్నాను.

వడ్లమూడిలో ఇంజనీరింగ్ చదివే రోజులవి. గుంటూరు నుంచి తెనాలి వెళ్లే రోడ్డు మీద, సంగం డెయిరీ ఉన్న ఊరు. హాస్టల్లో మా గది అమ్మాయిలందరికీ అప్పుడు ఒకటే పిచ్చి, కంటి చివర గీతను రెక్కలా బయటికి లాగే వింగ్ ఐలైనర్. ద్రవంగా ఉండే లైనర్‌కి చెయ్యి వణక్కూడదు, ఖరీదూ ఎక్కువ. అందుకని అందరం కాజల్ పెన్సిల్ పట్టుకున్నాం. ఫోన్లో ఒక విదేశీ అమ్మాయి వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆమె కళ్లు బాదం గింజల్లా కొసలు పైకి లేచి ఉంటాయి, రెప్ప మీద మడత పైకే ఉంటుంది. మావి అలాంటి కళ్లు కావు. అమ్మకీ నాకూ రెప్ప మడత కంటి చివరికి వచ్చేసరికి కిందికి వాలిపోతుంది. ఆ తేడా నాకు కనిపించలేదు. గీత కుదరనప్పుడల్లా తప్పు నా కళ్లదేననుకున్నాను. దేవుడు నాకు మంచి కళ్లు ఇవ్వలేదని ఏడ్చిన రాత్రులు కూడా ఉన్నాయి. ఇప్పుడు అది తలుచుకుంటే గీత పాడైనందుకంటే ఎక్కువ బాధ కలుగుతుంది.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి శ్రీకృష్ణ తులాభారంలో ఒక ఘట్టం వేశాం. సత్యభామ వేషం నాది. మేకప్‌కి తెనాలి నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. పద్యనాటకాలకు రంగులు వేసి వేసి తల నెరిసిన మనిషి.

సత్యభామ అనగానే మా వైపు పెద్దవాళ్లకు గుర్తొచ్చే పేరు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకున్న నటుడాయన. సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి లాంటి ఆడవేషాలతో జనాన్ని కట్టిపడేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు, 1971లో కన్నుమూశారు. మైకులు, పెద్ద దీపాలు లేని కాలంలో ఒక మగమనిషి వెనక వరసలో కూర్చున్నవాళ్లకు కూడా సత్యభామ అలక తెలిసేలా చూపు తిప్పాలంటే, ఆ కంటి చుట్టూ గీసిన గీతకూ అందులో వాటా ఉంటుంది. కూచిపూడి నర్తకి కాటుకను కనుకొలకు దాటించి కణత వైపు సాగదీసేదీ ఇందుకే, కంటి కదలిక దూరానికి ఆనాలని. దుగ్గిరాలలో పెరిగిన జమున 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో అదే సత్యభామ వేశారు. ఆ రోజుల్లో మన కథానాయికలు చాలామంది కంటి గీతను బయటికి సాగదీసినవాళ్లే. నేను ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చిందనుకున్న ఆ రెక్క మా ఊరి చుట్టుపక్కల నాటకాల పెట్టెల్లో ఎప్పటినుంచో ఉంది. అది తెలిసిన చెయ్యే ఆ రోజు నా ముఖం ముందుకు వచ్చింది.

“కళ్లు తెరిచే ఉంచమ్మా. ఎదురుగా గోడకేసి చూడు. నువ్వు రెప్ప మూస్తే నీ కన్నేదో నాకు తెలియదు,” అన్నారు ఆ మేకప్ మాస్టారు. ముందు రెండు కళ్ల చివరా రెండు చుక్కలు పెట్టారు. కాస్త వెనక్కి జరిగి ఆ రెండు చుక్కలూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో చూసుకున్నారు. ఆ తర్వాతే గీత మొదలుపెట్టారు. కింది రెప్ప వాలు ఎటు పోతుందో అటే పైకి తీసుకెళ్లి, కనుబొమ చివరకు గురిపెట్టి ఆపారు. ఒక్క లాగున గీయలేదు, చిన్న చిన్న గీతలుగా కలుపుకుంటూ వెళ్లారు. మీద పౌడరు అద్ది, “చెమట పట్టినా ఉంటుందిలే తల్లీ,” అని కృష్ణుడి వేషం వేసే అబ్బాయి దగ్గరికి వెళ్లారు.

అద్దంలో చూసుకుంటే నాకు నచ్చలేదు. మరీ లావుగా ఉంది, పాతకాలంలా ఉంది అనిపించింది. అది వేదిక కోసం గీసిన గీత. ఇరవై గజాల దూరం నుంచి చూసేవాళ్ల కోసం గీసింది. నేనేమో జానెడు దూరంలోని అద్దానికి ముఖం ఆనించి తీర్పు చెప్పాను. ఆయన అటు తిరగ్గానే కొబ్బరినూనె రాసి మొత్తం తుడిచేశాను. నా పెన్సిల్ మొన విరిగి ఉంటే పక్కమ్మాయి పెన్సిల్ అడిగి తీసుకున్నాను. పొద్దుటి నుంచీ ఆ అమ్మాయి కంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. చూశాను, పట్టించుకోలేదు.

కన్ను మూసి, కొసను చూపుడువేలితో చెవి వైపు లాగిపట్టి, వీడియోలో చూసినట్టు గీశాను. వేలు తీసి కన్ను తెరిచేసరికి ఆ గీత మడతలోకి ముడుచుకుపోయి వంకర తిరిగింది. కుడి కన్ను సరిచేస్తే ఎడమది చిన్నదైంది, ఎడమది పెంచితే కుడిది చాలలేదు. అలా అటూ ఇటూ పెంచుకుంటూ పోయి మాస్టారు గీసినదానికంటే లావు చేశాను. పైగా రెప్పకు నూనె జిడ్డు అలాగే ఉంది. పెన్సిల్ అంటే మైనం, నూనె కలిపిన నల్లరంగు. మైనం వేడికి మెత్తబడుతుంది, జిడ్డు మీద అసలు నిలవదు. ఎండాకాలం, మా కృష్ణా తీరపు ఉక్క, నెత్తిన వేదిక దీపాలు. అలకపాన్పు మీద తల తిప్పి కోపం చూపించాల్సిన చోట నా చెంపల మీదికి నలుపు కారింది. నా చూపు ఎవరికీ చేరలేదు. తెర పడ్డాక మాస్టారు నన్ను ఒక్క మాటా అనలేదు. కండువా కొసతో నా చెంప తుడిచి పెట్టె సర్దుకున్నారు. ఆయన పనిని చెరిపేసినందుకు క్షమించమని అడగలేకపోయాను. ఇప్పటికీ నన్ను వెంటాడేది అదే.

తర్వాత కళ్లు ఎర్రబడ్డాయి. కళ్లకలక. అంటుకునే జబ్బని, పెన్సిలు, తువ్వాలు, దిండు ఒకరివి ఒకరు వాడితే పాకుతుందని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తోచలేదు. నా నుంచి గదిలో మిగతావాళ్లకూ అంటింది. పరీక్షల ముందు వాళ్ల రోజులు పాడు చేసింది నేనే.

ఆ సెలవుల్లో మాస్టారి చెయ్యి గుర్తు చేసుకుంటూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. రెప్పకు జిడ్డు లేకుండా తుడిచి, కాస్త పౌడరు అద్దుతాను. వేసవిలో పెన్సిల్‌ను ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి అప్పుడు చెక్కితే మొన విరగదు. అద్దాన్ని కళ్లకు సూటిగా పెట్టుకుని, చర్మం లాగకుండా, కళ్లు తెరిచి ముందు చుక్కలు పెడతాను. ఒళ్లంతటిలోకీ అతి పల్చని చర్మం కనురెప్పదే, దాన్ని పదేపదే సాగదీయకూడదు. నాలాగా మడత వాలిన కన్నైతే వింగ్ ఆ మడత దాటాక కనిపించేలా గీయాలి, పొట్టిగా ఉన్నా సరే. పై నుంచి అదే నలుపు ఐషాడో అద్దితే చెదరదు. వెంట్రుకల లోపలి తడి అంచు మీద గీయను, అక్కడే రెప్పకు నూనెనిచ్చే గ్రంథుల నోళ్లు ఉంటాయి, మైనం వాటిని మూసేస్తుంది. సీసం కలిసే సుర్మా జోలికి అసలే పోను. అలాంటి సుర్మాను కంటికి వాడే రంగుగా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒప్పుకోదు.

ఇవన్నీ చెయ్యికి వచ్చేశాయి. రాకుండా పోయిందల్లా ఆ సాయంత్రం. నా ముఖాన్ని నాకంటే బాగా చూసిన మనిషి ఎదురుగా ఉంటే, ఎక్కడో ఉన్న వేరే కంటికి గీసిన గీతను నమ్మాను. నా కళ్లు ఎలా ఉన్నాయో చూడకుండానే వాటిని తప్పుపట్టాను. నా మూర్ఖత్వం మొత్తం ఇదే.

చెల్లెళ్లూ, మీరు పెన్సిల్ పట్టుకునేటప్పుడు ముందు కళ్లు తెరిచి మీ కళ్లను చూసుకోండి. మీ పెన్సిల్ ఎవరికీ ఇవ్వకండి, ఎవరిదీ అడగకండి. మీ ఊళ్లో నాటకాలకు రంగులు వేసే పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఒక పూట వెళ్లి వాళ్ల ముందు కూర్చోండి. వాళ్లు గీసిన గీతను మాత్రం తుడవకండి.