అయ్యా, ఏరు మీ మ్యాపులో లేదా?

మహారాజశ్రీ జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖానికి,

సముద్రపు ఒడ్డు పల్లె నుంచి నమస్కరించి రాయునది. మా బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని అవతలి ఊరి మోడల్ ప్రైమరీ స్కూల్లో కలుపుతూ తమరు దయచేయించిన ఉత్తర్వు ముట్టింది. దూరం ‘కిలోమీటరు లోపు’ అని రాశారు. తమ ఆఫీసువారి కొలత తప్పని మేం అనగలమా? కాకికి అంతే.

మనిషికి మాత్రం మధ్యలో ఉప్పుటేరు ఉంది. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తే దూరం నాలుగింతలు. ఎవరండీ కొలిచింది? ఏ ఫ్యాను కింద కూర్చుని కొలిచారు? విద్యాహక్కు నిబంధనల్లో ఆ కిలోమీటరు పెట్టింది చిన్నపిల్ల నడవగలదా అని చూడ్డానికి. మీరు దాన్ని బడి ఖాళీ చేయడానికి వాడుకున్నారు.

పాటున ఏరు మోకాలిలోతు. పోటున మా మనవరాలి గొంతు దాకా. అమావాస్యకీ పున్నమికీ ఇంకా పైకి. పోటు రోజూ ఒకే వేళకి రాదు, ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మీ బడిగంట జరుగుతుందా? పొద్దున్న పాటులో దాటిన పిల్ల సాయంత్రం పోటులో ఇల్లు చేరాలి. ఎనిమిదేళ్ల పిల్లండీ!

2022లో 117 జీవో తెచ్చి ఇవే మూడు తరగతుల్ని హైస్కూలుకి తోలారు. 2025లో ఆ జీవో రద్దన్నారు, సంబరపడ్డాం. ఇప్పుడు పేరు మారింది, పిల్లల నడక మాత్రం మారలేదు.

మా బడిలో పిల్లల సంఖ్య చాల్లేదట. ఎలా చాలుతుంది? ఐదు తరగతులకీ ఒక్కరే టీచరు. ఆవిడ సగం పొద్దు ఫోను పట్టుకుని, సిగ్నలు కోసం ఇసక దిబ్బ మీదే ఉంటుంది. ముఖం ఫొటో తీయాలి, గుడ్లు లెక్కెక్కించాలి. కాన్వెంటు బస్సు గుమ్మంలోకొచ్చి హారన్ కొడుతుంటే అప్పు చేసైనా ఎక్కిస్తారు. పిల్లల్ని మీరే తరిమి, ఇప్పుడు తలలు లెక్కపెడుతున్నారు.

తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుందని కూడా రాశారు. ఏ తండ్రి ఒప్పుకున్నాడు? మా మగాళ్లంతా గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద కలాసీలు. వాళ్లు ఇంటి పట్టున ఉండేది అక్కడ వేట నిషేధం ఉన్న వానాకాలంలోనే. నిషేధం తీరగానే మళ్లీ ప్రయాణం కడతారు. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్స్ మీటింగన్నారు, తండ్రేడీ అని పిల్లల్ని అడిగారు. సముద్రం మీద ఉన్నాడని చెప్పారు కదా, ఎక్కడా రాసుకోలేదా?

తుపాను హెచ్చరిక రాగానే అదే బడి ఊరంతటికీ పునరావాస కేంద్రం. ముసలీ ముతకా, మేకలు, వలలు అన్నీ అక్కడే. తర్వాత విరిగిన బెంచీలు అడిగితే ఆ పద్దు రెవెన్యూ వాళ్లదంటారు, వాళ్లనడిగితే మీదంటారు. ఊరంతా తలదాచుకున్న గదులు పాతికమంది పిల్లలకి దండగైపోయాయా?

రవాణా భత్యం ఇప్పిస్తామన్నారు. ఆ డబ్బు తీసుకుని ఎవర్నెక్కించమంటారు? ఏటిలో ఆటో నడుస్తుందా? బాబూ, ఆ భత్యం మీ దగ్గరే ఉంచుకోండి. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులన్నారు, అందులో ఒక్కటి మాకు వెయ్యండి. మోడల్ వద్దు, రంగులొద్దు. ఐదో తరగతి దాకా ఇవతలే చదువుకోనివ్వండి. ఆరుకొచ్చేసరికి పిల్ల ఒడ్డూ పొడుగూ అవుతుంది, ఏరు దాటి హైస్కూలుకి తనే వెళ్తుంది, మేం అడ్డం చెప్పం. ఈలోగా ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకోండి. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాం.

ఇట్లు,
మూడో తరగతి పిల్ల తాత