మూత విప్పే బావగారు

మా బావగారి దృష్టిలో ఏ వస్తువుకైనా రెండే వైపులు: జనం చూసే వైపు, స్క్రూలుండే వైపు. మొదటి వైపుతో ఆయనకు పని లేదు. కొత్త మిక్సీ ఇంటికొస్తే మా అప్ప దానికి పసుపూ కుంకుమా పెట్టేలోగా ఆయన దాన్ని బోర్లించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, రబ్బరు కాళ్ల కింద స్క్రూలేమైనా దాచారేమోనని గోటితో గిల్లి చూస్తారు. ‘మూత విప్పితే వారంటీ చెల్లదు’ అన్న చీటీ కనబడిందా, ఇక ఆ వస్తువు ఆయుష్షు తీరినట్టే. ఆయనకది శుభలేఖ.

ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. రాజాంలో ఉన్నది మాత్రం మా ఇంటి అల్లుడు కావడం మా అదృష్టం.

ఈ జబ్బు ఆయనకు జూట్ మిల్లులో అంటుకుంది. ముప్పై ఏళ్లు అక్కడ మెయింటెనెన్సు చూశారు. మగ్గంలో పళ్లచక్రం విరిగితే అసలు సరుకు కలకత్తా నుంచి రావాలి. అది వచ్చేలోగా ఊళ్లో లేతు మిషను దగ్గర కూర్చుని అలాంటిదే ఇంకోటి చేయించి మగ్గం తిప్పేసేవారు. అప్పట్నుంచీ ఆయన వేదం ఒక్కటే: “కంపెనీ సరుకంటే ఏటిరా? పెట్టె మీద రంగు. రంగుకి డబ్బులెందుకూ?”

రిటైరయ్యాక విప్పడానికి మగ్గాలు లేక కొంతకాలం నీరసించారు. అది కనిపెట్టో, కనిపెట్టకో, బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు ఒక నల్లపెట్టె కొని పంపాడు. రెండు హార్డు డిస్కులు పట్టే నెట్‌వర్క్ స్టోరేజి పెట్టె అది. చుట్టాలు చూసి చిన్న ఇన్వర్టరనుకుంటారు. పెళ్లిళ్లూ పేరంటాలూ, హుద్‌హుద్ తుపానులో పడిపోయిన మా కొబ్బరిచెట్ల ఫొటోలూ అన్నీ అందులోకి ఎక్కించారు. ఒక డిస్కులో రాసింది రెండో దాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది బతికుంటుంది. హాల్లో టీవీకీ, వంటింట్లో అప్ప ఫోనుకీ, బెంగళూరులో మేనల్లుడికీ బొమ్మలు అందిస్తూ పదకొండు నెలలు అది నోరెత్తకుండా పనిచేసింది. అదే దాని తప్పు. మొరాయించని వస్తువంటే బావగారికి అనుమానం.

ఓ సాయంత్రం పెళ్లి వీడియో మొదలవడానికి ముందు తెర మీద చక్రం నాలుగు క్షణాలు తిరిగింది. బావగారి కళ్లు మెరిశాయి. “సూశావా, లేటు! 1757లో బొబ్బిలి కోట మీద యుద్ధమైనప్పుడు తాండ్ర పాపారాయుడు ఎక్కడున్నాడు? ఇదిగో, ఈ రాజాంలోనే. కబురు లేటయింది. ఏటయిపోనాది మరి?”

నాలుగు క్షణాల ఆలస్యానికి బొబ్బిలి కోటను అడ్డం పెట్టిన మనిషితో వాదించేదెవరు?

“ర్యాము పెంచాల,” అని తీర్పు చెప్పారు.

వంటింట్లోంచి అప్ప అరిచింది. “నా వల్ల కాదు! ఇద్దరు పిల్లల్ని పెంచీసరికే నా నడుం ఇరిగిపోనాది. రామూ లేడు, సోమూ లేడు.”

ఆ పెట్టెలో బోర్డుకే అతికించిన ర్యాము 2 జీబీ. పక్కన ఖాళీగా ఒక స్లాటు. అందులో ఇంకో 4 పెట్టుకుని మొత్తం 6 చేసుకోవచ్చని కంపెనీ పుస్తకం చెబుతుంది, అదీ తమ ముద్ర ఉన్నదైతేనే అంటుంది. లోపలున్న ప్రాసెసరు సెలెరాన్ జే4025. దాని గరిష్ఠం 8 అని ఇంటెల్ వారి పత్రం. బావగారు రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. “పెట్టె చేసినోడు ఆరంటాడు. ప్రాసెసర్ చేసినోడు ఎనిమిదంటాడు. ఇద్దరికీ పడనప్పుడు పెద్దమనిషిగా నేను చెప్తాను: పద్దెనిమిది.”

“పుస్తకంలో ఒద్దన్నారు కదా బావా?”

“ఒరే బామ్మర్దీ, మన రాజాంని ఎవరైనా అడిగారేటి? 2022 ఏప్రిల్ 4న పొద్దున్న లేచీసరికి శ్రీకాకుళం జిల్లాలోంచి తీసి విజయనగరం జిల్లాలో పెట్టీసినారు. ఊరు పనిచెయ్యడం మానీసిందా? స్లాటు మారితే ఏటవుద్ది!”

మొదటి ప్రయత్నం వీధి చివర ఇంజినీరింగు కాలేజీ కుర్రాడి పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకిన ముక్క. అది డీడీఆర్3, కాళ్లు 204. పెట్టెకు కావలసింది డీడీఆర్4, కాళ్లు 260. మధ్యలో గాటు కూడా వేరేచోట ఉంటుంది, తప్పు ముక్క దూరకూడదనే అలా చేస్తారు. బావగారు ఆ గాటును తనకు జరిగిన అవమానంగా తీసుకుని ఆకురాయి అందుకున్నారు. అప్ప ఆకురాయి లాక్కుని పప్పులడబ్బా వెనక దాచింది.

మర్నాడు పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కి విశాఖ వెళ్లి, డాబాగార్డెన్స్ అంతా తిరిగి, సరైన రకం 16 జీబీ ముక్క ఒకటి పట్టుకొచ్చారు. కొత్తది కాదు, ఏదో ల్యాప్‌టాప్ నుంచి పదవీ విరమణ చేసినది. “నాలాగే, అనుభవం ఉన్నది,” అన్నారు.

పెట్టారు. స్విచ్చి నొక్కారు. దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది కానీ పెట్టె లేవలేదు. తీశారు, మనవరాలి రబ్బరుతో బంగారుపూత కాళ్లు తుడిచారు, మళ్లీ టక్కుమనేదాకా నొక్కారు. ఈసారి లేచింది. లేస్తూనే, ఇది మేమిచ్చిన మెమరీ కాదు, పనితీరుకు మా పూచీ లేదు అన్న అర్థంలో ఒక హెచ్చరిక చూపింది. ఆయన దాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. పిల్లలు ఫస్టుక్లాసు సర్టిఫికెట్లు పెట్టినప్పుడు కూడా ఆయన అంత మురిసిపోలేదు.

పద్దెనిమిది జీబీల్లో ఆ పెట్టె వాడుకున్నది ఒకటిన్నర. వెయ్యిమందికి వండించి ఇరవైమందిని పిలిచినట్టుంది వ్యవహారం. ఇక మిగిలింది పారేయలేక బావగారు పెట్టెకు పనులు వెతకడం మొదలుపెట్టారు. వీధిగుమ్మం కెమెరా రికార్డింగు దానికే అప్పజెప్పారు. పాత ఫొటోలన్నీ తేదీల వారీగా సర్దమని ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి ఒంపించారు. చక్రం మాత్రం నాలుగు క్షణాలు అలాగే తిరుగుతోంది. అది వైఫై తప్పని తర్వాత తేలింది.

సర్దుడు పూర్తయిన వారానికి మేనకోడలి పెళ్లి ఆల్బమ్ తెరిచాం. మాంగల్యధారణ ఫొటోలో అక్షింతలు పైనుంచి పడుతున్నాయి, పెళ్లికొడుకు నడుం దగ్గర్నుంచి కిందికి బూడిదరంగు చారలు. తర్వాతి ఫొటోలో పురోహితుడు సగమే ఉన్నాడు. రెండో డిస్కులో చూస్తే అక్కడా అవే చారలు. అద్దం ముఖాన్ని చూపిస్తుంది, కడగదు కదా. డిస్కు చస్తే రెండోది ఆదుకుంటుంది గానీ, తప్పు రాస్తే రెండూ కలిసే తప్పు రాస్తాయి.

ర్యాములో ప్రతి అక్షరమూ చిటికెడు కరెంటుగా బుల్లి గిన్నెల్లో ఉంటుంది. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టిన పద్ధతి ఇది, 1968లో పేటెంటు వచ్చింది. ఆ గిన్నెలన్నీ కారుతుంటాయి. అందుకే మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపుతుండాలి. గ్యాసు బుక్ చెయ్యమని అప్ప బావగారికి గుర్తుచేసినట్టన్నమాట. ఒక్క గిన్నెకు చిల్లు పడితే చాలు, దాని గుండా వెళ్లిన ఫొటో తడిసిపోతుంది. పెద్ద సర్వర్లలో తప్పు దిద్దుకునే రకం ర్యాము వాడతారు. మా నల్లపెట్టెకు ఆ భోగం లేదు.

ఆ రాత్రి మెమరీ పరీక్ష పెట్టి కూర్చున్నాం. తెల్లవారుజామున మూడింటికి ఎర్ర అక్షరాల్లో తప్పులు వరసకట్టాయి. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “మిల్లులో ఏ చక్రమైనా ఎక్కించే ముందు ఒక రాత్రి ఊరికే తిప్పి సూసీవోళ్లం. ఇది మాత్రం సూడకుండా ఎక్కించీసినాను,” అన్నారు. ఆయన తప్పొప్పుకోవడం నేను విన్నది అదొక్కసారే.

పొద్దున్న అప్ప బీరువా తీసింది. పొందూరు ఖద్దరు చీర మడతలోంచి పెన్‌డ్రైవు బయటకొచ్చింది. పెళ్లి ఫొటోలు ఒక్కటి తగ్గకుండా అందులో ఉన్నాయి. ఇందులోనే ఎందుకు దాచావని అడిగాను.

“షాపంతా తిరిగి చూశాను తమ్ముడూ. స్క్రూలు లేనిది ఇదొక్కటే.”

బావగారు మారారా? కొంత. మళ్లీ విశాఖ వెళ్లి, కొత్త 4 జీబీ ముక్క తెచ్చారు, ముద్ర లేనిదే. కాకపోతే ఈసారి ఒక రాత్రంతా పరీక్ష తిప్పాకే పెట్టెను పనిలోకి రానిచ్చారు. ఒక్క తప్పూ రాలేదు. ఆ హెచ్చరిక ఇప్పటికీ వస్తుంది, పెట్టె మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. కాబట్టి న్యాయంగా చెప్పాలంటే ముద్ర విషయంలో ఆయన మాటే నిజం. పరీక్ష విషయంలో మిల్లు మాట నిజం. పెన్‌డ్రైవు విషయంలో అప్ప మాట నిజం.

2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో ఇళ్లవాళ్లకు అమ్మే వ్యాపారం మానుకుంటున్నట్టు డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. ఆ రోజు బావగారు దగ్గర చుట్టం పోయినట్టు రాత్రి భోజనం మానేశారు. బిస్కెట్ల డబ్బాలో పోగేసిన పాత ముక్కలకు అప్పట్నుంచి తాళం వేస్తున్నారు. అందులో ఆ చిల్లుగిన్నెల 16 జీబీ ముక్క కూడా ఉంది. దాన్ని ఎవరికో ఒకరికి పెట్టాలని ఆయన చూపు వెతుకుతూనే ఉంది.

అందుచేత ఒక మనవి. రాజాం వస్తే మా ఇంటికి తప్పకుండా రండి, అప్ప చేతి కాఫీ బాగుంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం బండి డిక్కీలోనే ఉంచి, తాళం చెవి మీ జేబులో పెట్టుకుని రండి.